స్టీరింగ్ మీద ఒక వేలు

మూడోసారి అడిగినా బ్రెంటన్ నోరు విప్పలేదు. మా ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"గుద్దితే గుద్దావు. చూసుకోలేదనుకుందాం. ఆగకుండా వెళ్ళిపోయి, పైగా ఎదురొచ్చే వాళ్ళకి వేలెత్తి పలకరిస్తావా? నీకు నేను నేర్పింది ఇదేనా?"

మా వాడికి ముప్పై ఆరేళ్ళు. తండ్రి చేత ఇలా మాటలు పడి ఊరుకునే రకం కాదు. నట్టు సరిగ్గా బిగించలేదన్నందుకే షెడ్డులో ఇద్దరూ రెండు వారాలు మాట్లాడుకోని రోజులున్నాయి. అలాంటివాడు ఇవాళ వంటింటి బల్ల ముందు కూర్చుని, చల్లారిపోయిన టీ కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి లేచి, కప్పు సింకులో పెట్టి, పెరటి గుమ్మంలోంచి షెడ్డు వైపు వెళ్ళాడు.

"చూశావా గ్లెనిస్, తప్పు చేసినవాడి నడక," అన్నాడు మా ఆయన.

నాకూ అలాగే అనిపించింది మరి.

పొద్దున్న ఏడింటికి మొదలైంది ఇదంతా. మా ఊరికి ఫోన్లలో ఒక పేజీ ఉంది. తప్పిపోయిన కుక్కలూ, నెట్‌బాల్ ఫలితాలూ, ఎవరింట్లో నిమ్మకాయలు మిగిలాయో, ఇవీ అందులో కబుర్లు. ఇవాళ ఒక వీడియో పెట్టారు. పెట్టినవాళ్ళు మా ఊరివాళ్ళు కాదు. ఉద్యోగాలు మానేసి, కారు వెనక క్యారవాన్ అనే చక్రాల ఇల్లు తగిలించుకుని దేశమంతా తిరుగుతారే, అలాంటి ఒక ముసలి జంట. శనివారం మా లేక్ రోడ్డు మీదుగా పోయారట. కారు అద్దానికి అంటించిన కెమెరాలో ఏముందో నిన్న రాత్రి తీరిగ్గా చూసుకుంటే గుండె ఆగినంత పనైందట.

వీడియో నేను చూడలేదు. దాని కింద ఊళ్ళోవాళ్ళు రాసినవి మాత్రం చదివాను. రెండొందల పద్నాలుగు మంది రాశారు. మా ఊరి జనాభాలో పదో వంతు అది. నారింజ రంగు హోల్డెన్ యూట్ బండి అని ఒకరు. ఇంకేం, తెలిసిపోయిందిగా అని ఇంకొకరు. బేకరీ ఆవిడైతే, ఆ వేలెత్తినవాడికి తన కొట్లో ఇక రొట్టె దొరకదని రాసింది. పేరు మాత్రం ఎవరూ రాయలేదు. అక్కర్లేదు కూడా.

మా ఊళ్ళో మనుషుల్ని మొహం చూసి పోల్చరు, బండి చూసి పోలుస్తారు. ఫలానా తెల్ల టొయోటా పబ్బు ముందుంటే ఫలానా ఆయన లోపలున్నట్టే. ఆ బండిని ఆయన భార్య తెచ్చి ఉండొచ్చు, తమ్ముడు తెచ్చి ఉండొచ్చు. అయినా పేరు ఆయనదే. అలాగే ముందు కారు, వెనక తొట్టి ఉన్న ఆ నారింజ యూట్ అంటే బ్రెంటన్. తుప్పు పట్టి మూలపడిన దాన్ని తండ్రీ కొడుకులు పదకొండేళ్ళు కూర్చుని నిలబెట్టారు. కానీ గోధుమలు నిల్వ చేసే సైలో గోదాముల దగ్గర టైర్లు పొగలొచ్చేలా గిర్రున తిప్పి, ఆరు నెలలు లైసెన్సు పోగొట్టుకున్నది మా వాడు. కాబట్టి ఊరి లెక్కలో అది వాడిదే.

ఇంట్లో ఏదైనా కష్టం వచ్చిందంటే మా ఊళ్ళో గుమ్మం ముందు ఇరుగుపొరుగు వండి తెచ్చిన, మూతలు పెట్టిన గిన్నెలు బారులు తీరతాయి. మా అత్తగారు పోయినప్పుడు మూడు వారాలు నేను పొయ్యి వెలిగించలేదు. ఇవాళ పొద్దుట్నించీ రెండుసార్లు వరండాలోకి వెళ్ళి చూశాను. ఒక్క గిన్నె లేదు.

తొమ్మిదింటికి కానిస్టేబుల్ టెస్ ఫోన్ చేసింది. నాలుగింటికి వస్తానంది. యూట్ తీసుకెళ్తుందట, అందాకా దాన్ని కడగొద్దంది. బ్రెంటన్‌ని ఇంట్లోనే ఉండమంది. మా నెట్‌బాల్ జట్టులో పెరిగిన పిల్ల అది. పన్నెండేళ్ళప్పుడు దాని మోకాలికి కట్టు కట్టింది నేనే. ఇవాళ ఫోన్‌లో నన్ను మిసెస్ నోస్కే అని పిలిచింది.

ఆ వేలి సంగతి చెప్పాలి. మా వైపు రోడ్డు మీద ఎదురుగా బండి వస్తే స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండా చూపుడువేలు ఒక్కటీ పైకెత్తుతారు. బాగున్నావా, నేనూ బాగున్నాను, అంతే దాని అర్థం. పగవాడికైనా ఎత్తుతారు. ఎత్తకపోతే సాయంత్రానికల్లా ఎందుకెత్తలేదో ఊరంతా చర్చ. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి ఆ వేలు తుమ్ములాగా దానంతటదే లేస్తుంది.

కానీ ఒక పిల్లని గుద్ది కందకంలో పడేసి, రెండొందల గజాలు కూడా వెళ్ళకుండానే వేలెత్తినవాణ్ణి ఊరు ఎలా క్షమిస్తుంది?

ఆ పిల్ల ఎవరో కాదు, పావా. బర్మా సరిహద్దు శిబిరంలో పుట్టి, బాతు మాంసం ఫ్యాక్టరీలో పనికొచ్చిన అమ్మానాన్నలతో మా ఊరు చేరింది. ఇరవై ఏళ్ళుంటాయి. లైసెన్సు కావాలంటే ఇక్కడ పిల్లలు పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నూట ఇరవై గంటలు నడపాలి. వాళ్ళింట్లో లైసెన్సున్నవాళ్ళు లేరు. ఎవరైనా నేర్పుతారా అని చర్చిలో పాస్టరు అడిగితే మొదట చెయ్యెత్తింది మా ఆయన. ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం నా చిన్న కార్లో ఇద్దరూ తిరిగారు. తొంభై నాలుగు గంటలయ్యాయి. మార్చిలో ఉన్నట్టుండి, నడుం నొప్పి, ఇక కూర్చోలేనని మానేశాడు. అయినా పావా మమ్మల్ని వదల్లేదు. తన కూరగాయల మడిలో కాసిన గుమ్మడికాయో, ఆవాకు కట్టో తెచ్చి గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయేది.

శనివారం లేక్ రోడ్డులో ఉన్న ఆ మడి నుంచే వస్తోంది, సైకిల్ మీద. చీకటి పడే వేళకి వాళ్ళన్న వెతుక్కుంటూ వెళ్ళి కందకంలో చూశాడు. హెలికాప్టర్లో మెల్‌బోర్న్ తీసుకెళ్ళారు. ఇంకా కళ్ళు తెరవలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక, మా ఆయన కుర్చీలో కళ్ళు మూసుకున్నప్పుడు, బట్టలుతికే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఆ వీడియో పెట్టాను. చూడకుండా ఎన్నాళ్ళుంటాను? కన్నదాన్ని.

నలభై సెకన్లు. రెండు పక్కలా కనోలా పూసి, ఆవచేలలా పసుప్పచ్చగా ఉంది చేను. దూరంగా నారింజ చుక్క. దానికి ముందు, రోడ్డంచున, ఇంకా చిన్న చుక్క. నారింజ చుక్క దాన్ని దాటింది. తర్వాత చిన్న చుక్క లేదు. అంతే. చప్పుడు కూడా లేదు. యూట్ అదే వేగంతో పెద్దదవుతూ దగ్గరికొచ్చింది. లోపల నడిపేవాళ్ళ మొహం కనపడలేదు, ఎండకి అడ్డంగా దించుకున్న రేకు నీడ పడింది. స్టీరింగ్ మీద చెయ్యి మాత్రం వెలుగులో ఉంది. చూపుడువేలు లేచింది, దిగింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ పెట్టాను.

బ్రెంటన్ క్యారవాన్లకి వేలెత్తడు. చచ్చినా ఎత్తడు. ఈ విషయం మీద మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది ఒక క్రిస్మస్‌కి. వాళ్ళు మనవాళ్ళేంటి, రోడ్డంతా ఆక్రమించి పాకుతూ పోతారు, వాళ్ళకి నమస్కారాలేంటి అంటాడు వాడు. రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతివాడూ మనవాడే అంటాడు మా ఆయన. ఆయన అందరికీ ఎత్తుతాడు. ఈ మధ్య మరీను. ఆగి ఉన్న ట్రాక్టరుకి ఎత్తాడు. చెత్త తీసుకెళ్ళే రోజున వీధిలో నిలబెట్టిన డబ్బాలకి ఎత్తాడు. నేను పడీ పడీ నవ్వాను. ఆయనా నవ్వాడు.

బట్టల గదిలో నాకు నవ్వు రాలేదు. ఫోన్‌ని వాషింగ్ మెషీన్ మీద పెట్టి వంగి చూశాను.

వీడియో మూలన టైము ఉంది. మూడూ పది. శనివారం మూడింటికి యూట్ బ్రెంటన్ దగ్గరే ఉంది. స్నేహితుడికి సాయానికి సైలోల వైపు వెళ్ళి నాలుగింటికి తెచ్చి పెట్టాడు. ఊరూ, టెస్సూ, మా ఆయనా అందరూ పట్టుకున్నది ఆ మూడూ పదినే. కానీ క్యారవాన్ నీడ దాని ముందు రోడ్డు మీద బారుగా పడి ఉంది, బండి కంటే నాలుగింతలు పొడుగు. ఆగస్టులో మూడింటికి అంత నీడ ఎక్కడిది?

ఆ ముసలి జంట తమ గురించి రాసుకున్నది అప్పుడు చదివాను. పెర్త్ వాళ్ళు. నా చెల్లెలు అటువైపే ఉంటుంది. ప్రతి ఆదివారం ఫోన్ చేసేటప్పుడు రెండు గంటలు తీసేసి లెక్కేసుకుంటాను, లేకపోతే నిద్రలో లేపానని సాధిస్తుంది. వాళ్ళ కెమెరా ఇంకా వాళ్ళింటి టైములోనే ఉంది. అక్కడ మూడూ పది అంటే మాకు ఐదూ పది.

ఐదింటికి యూట్ తీసుకుని లేక్ రోడ్డులో వెళ్ళేది ఒక్కరే. మాకు మిగిలిన ఇరవై గొర్రెలకి తొట్టిలో నీళ్ళున్నాయో లేదో చూడ్డానికి, వానొచ్చినా ఎండొచ్చినా రోజూ వెళ్ళే మనిషి.

నేను వెళ్ళేసరికి షెడ్డులో బ్రెంటన్ యూట్ ఎడమ పక్కన నిలబడి ఉన్నాడు. పక్క అద్దం ఉండాల్సిన చోట విరిగిన మొండి. ఆదివారం అది చూసి అడిగితే, గొర్రెల దొడ్డి గేటు స్తంభానికి తగిలిందని చెప్పాడు మా ఆయన.

"వాళ్ళ గడియారం రెండు గంటలు వెనకుంది," అన్నాను.

వాడు నా వైపు తిరగలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఇప్పుడే. నీకు?"

"పొద్దున్నే. వేలు చూడగానే."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. మార్చిలో కారు కాగితాల కోసం వెతుకుతుంటే డాష్‌బోర్డు అరలో కళ్ళ డాక్టరు ఉత్తరం దొరికిందట. చూపు నడిమధ్యన మచ్చ, రెండు కళ్ళకీ. పక్కలవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది మాయమవుతుంది. బండి నడపకూడదని గీత గీసి మరీ రాశారట. వాడు తండ్రిని నిలదీశాడు. పెద్దాయన బతిమాలాడట, గొర్రెల దొడ్డి దాకా తప్ప ఎక్కడికీ వెళ్ళనని మాటిచ్చాడట, అమ్మకి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడట.

మార్చి అంటే పావాకి నేర్పడం మానేసిన నెల. నడుం నొప్పి అన్న నెల. ఆ పిల్లని పక్కన పెట్టుకుని రోడ్డు చూపించడానికి తన కళ్ళు చాలవని ఆయనకి తెలిసింది. తను నడుపుకోవడానికి మాత్రం చాలాయి. ఆ మిగిలిన ఇరవై ఆరు గంటలూ ఎవరైనా నేర్పి ఉంటే, పావా ఈ శనివారం సైకిల్ మీద ఉండేది కాదు.

బ్రెంటన్ తలెత్తాడు. "నాలుగింటికి టెస్ వస్తుంది. నేనే నడిపానని చెబుతాను. నువ్వేం అనకు."

"ఎందుకురా?"

"నాకు మార్చి నుంచీ తెలుసు, నోరు మూసుకున్నాను. సగం నేను గుద్దినట్టేగా. నేనైతే రెండేళ్ళో మూడేళ్ళో ఉండి వస్తాను. ఆయనకి నిజం తెలిస్తే మిగలడమ్మా. ఆయన నిజంగానే నన్ను అనుకుంటున్నాడు. అనుకోనీ."

వాడికి మార్చి నుంచి తెలుసట. నాకు తెలీదా? కప్పు పక్కన టీ పోస్తే తుడిచింది నేను. చర్చిలో కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే తిప్పి ఇచ్చింది నేను. కొట్టు దాటి నేను కారు నడిపి పదేళ్ళయింది. ఆసుపత్రి డెబ్భై ఐదు కిలోమీటర్లు. ఆయన బండి ఆగితే మా బతుకు ఆగిపోతుందని, చూసిందాన్ని చూడలేదనుకున్నాను. వీడు సగమైతే నేనెంత?

అదే వాడితో చెప్పాలనుకున్నాను. కానీ వాడి చొక్కా మీద నూనె మరకుంటే, శుభ్రమైనది వేసుకోమని చెప్పి లోపలికొచ్చేశాను. పోలీసులొచ్చే వేళ కొడుక్కి ఒక తల్లి చెప్పిన మాట అదీ.

మూడున్నరైంది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నా అడుగులు విని, తను ఒక నిర్ణయానికొచ్చానన్నాడు. రేపు పావా వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తాడట. ఇలాంటి కొడుకుని పెంచినందుకు క్షమించమని మోకాళ్ళ మీద అడుగుతాడట. ఇకమీదట చర్చిలో వాడి పక్కన కూర్చోడట.

ఇంకా ఏదో అంటున్నాడు. నా వల్ల కాలేదు.

"నువ్వు ఆ వీడియో చూశావా, క్లెమ్?"

"చూడకుండానే మాట్లాడుతున్నానా? పొద్దున్న వాడి ఫోన్‌లోనే చూశాను."

నా ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చెయ్యి చాచి పట్టుకున్నాడు, కాస్త పక్కకి వంచాడు. వీడియో ఎంతసేపు ఉంటుందో అంతసేపు ఓపిగ్గా చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"అదుగో. ఆ వేలు చూడు. సిగ్గులేని వెధవ."

నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆయన్ని నేను ఇంత ప్రేమించిన క్షణం లేదు, ఇంత అసహ్యించుకున్న క్షణమూ లేదు.

"క్లెమ్, అది నా చెల్లి పంపిన ఫోటో. దాని కుక్కది."

ఆయన ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు. ముందు వేళ్ళతో బల్ల అంచు తడుముకుని, అప్పుడు పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను కెమెరా టైము సంగతీ, పెర్త్ సంగతీ చెప్పాను. రెండు వాక్యాలు. అంతకంటే అక్కర్లేకపోయింది.

ఆయన అడిగాడు. "ఆ క్యారవాన్ తెల్లదా?"

"తెల్లదే."

"శనివారం తెల్లది ఒకటి ఎదురొచ్చింది. ఎండ కళ్ళల్లో కొడుతోంది. తెల్లగా పెద్దగా ఏదో వస్తోందని తెలిసి వేలెత్తాను." ఆగాడు. "దానికి ముందు ఏదో తగిలింది. గేటు స్తంభం అనుకున్నాను."

ఆయన వేలితో బల్ల మీద రోడ్డులా ఒక గీత గీశాడు.

"గేటు తర్వాత వస్తుంది కదా, గ్లెనిస్. క్యారవాన్ వెళ్ళిపోయాక వస్తుంది గేటు."

ఆయన కళ్ళు నా వైపే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయో, నా పక్కనున్న గోడని చూస్తున్నాయో నాకు తెలీదు. ఆ పిల్ల పేరు ఒకసారి అన్నాడు.

వాకిట్లో కంకర మీద టైర్ల చప్పుడైంది. నాలుగింటికి పది నిమిషాలుంది ఇంకా. టెస్ ఎప్పుడూ ముందే వచ్చే పిల్ల. ఆ చప్పుడు వెనకాలే పెరటి గుమ్మం తెరుచుకుని బ్రెంటన్ వచ్చాడు, తల తడిపి దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని. తండ్రి మొహం చూసి, నా మొహం చూసి, అర్థమైపోయి నిలబడిపోయాడు. అయినా నన్ను దాటుకుని వెళ్ళి తలుపు తీశాడు.

టెస్ టోపీ తీసి చేతిలో పట్టుకుంది. మా ఎవరి కళ్ళలోకీ చూడకుండా, మెల్‌బోర్న్ నుంచి కబురు వచ్చిందని చెప్పింది. పావా మధ్యాహ్నం కళ్ళు తెరిచిందట. ఇంకా ఏమీ మాట్లాడలేదట. తర్వాత టెస్ పుస్తకం తీసింది.

"శనివారం బండి ఎవరు నడిపారో నేను అడగాలి," అంది.

"నేను," అన్నాడు బ్రెంటన్.

"మిసెస్ నోస్కే, మీరు..."

నేను నోరు తెరిచాను. మా ఆయన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. లేచి, మామూలుగా నడుచుకుంటూ తలుపు పక్క గోడ దగ్గరికి వెళ్ళాడు. యూట్ తాళాలు అక్కడ మేకుకి వేలాడతాయి. ఈ ఇంటికొచ్చిన ఏడాది ఆయనే కొట్టిన మేకు అది. రోజూ వెళ్తూ వెళ్తూ, కబుర్లు చెబుతూ, చూడకుండానే అందుకునేవాడు.

ఇవాళ చూసి అందుకోబోయాడు. చెయ్యి మేకుకి జానెడు ఎడంగా గోడకి తగిలింది. కుడివైపు జరిపాడు. దాటిపోయింది. కిందికి తడిమాడు. తాళాలు మా అందరికీ ఎదురుగా వేలాడుతున్నాయి. బ్రెంటన్ ఒక అడుగు వేశాడు. నేను వాడి మోచెయ్యి పట్టుకుని ఆపాను.

టెస్ రాయడం ఆపేసింది. ఆ చేతినే చూస్తోంది.

మా ఆయన అరచెయ్యి గోడకి ఆనించి, ఇటు తిరగకుండానే అన్నాడు.

"టెస్, ఆ తాళాలు ఎక్కడున్నాయో కాస్త చెప్పమ్మా."